అద్దం అవతలి సినిమా

దీనమ్మగారి గురించి నాలుగు మంచి మాటలు రాయమని నన్నే అడిగారు. రాయపూర్‌లో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు, సంఘం సన్మానం సావనీరుకి ఇంకెవరూ దొరకలేదట! "మీరైతే ఆవిణ్ణి దగ్గర్నుంచి చూశారు కదా సాయిలక్ష్మిగారూ, పైగా బి.ఏ. ఇంగ్లీషు కూడాను," అన్నాడు కార్యదర్శి గిరిధర్. చూశాను బాబూ, చాలా దగ్గర్నుంచే చూశాను. మధ్యలో ఒక అద్దం ఉండేది, అంతే.

ముందే చెప్పేస్తున్నాను. నాకు ఆవిడంటే కుళ్ళు. నిన్నా మొన్నటిది కాదు, పద్దెనిమిదేళ్ళ నాటిది. దీనికి మర్యాదైన మాటేదైనా ఉంటే గిరిధర్ దిద్దుకోవచ్చు, నాకు మాత్రం అభ్యంతరం లేదు.

దీనమ్మగారిది నర్సాపురం. నర్సు ట్రైనింగు అయ్యాక గూడ్సు గార్డు దేవదాసుగారిని పెళ్ళి చేసుకుని ఈ ఊరు వచ్చారు. పొట్టి మనిషి, గట్టి మనిషి. గడియారం కుడిచేతికి పెట్టుకునేవారు. చిన్నపిల్లల వార్డులో ముప్పై ఏళ్ళు చేశారు. సూది గుచ్చగానే పిల్ల ఏడవబోయే లోపు తనే "అబ్బా!" అని మొహం చిట్లించేవారు. సూది తనకే దిగిందేమో అని పిల్ల తెల్లబోయి చూసేది, ఈలోగా పని అయిపోయేది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను వంక పెట్టలేను. ఆవిడకి పిల్లలు లేరు.

ఇక సినిమాల సంగతి. వార్డులో పనిచేసిన పిల్లల డాక్టరు ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె వదిలి వెళ్ళాడట. అందులో నలభై రెండు డిస్కులు. ఏవేవో దేశాల సినిమాలు, అన్నీ చిన్నపిల్లల గురించినవే. వార్డులో పాత టీవీ ఒకటి ఉండేది. పక్క గదిలో నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ఉంటారు కాబట్టి శబ్దం పెట్టకూడదు. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడేవి. వాటిని చదవడానికి అక్కడెవరున్నారు? బీర్‌గావ్ నుంచి, భన్‌పురి నుంచి వచ్చిన కూలివాళ్ళ పిల్లలు. కొందరికి ఛత్తీస్‌గఢీ, కొందరికి హిందీ, మాలాంటివాళ్ళ పిల్లలకి అటూ ఇటూ కాని తెలుగు.

దీనమ్మగారు మంచం పక్కన కూర్చుని సినిమా చెప్పేవారు. ఆవిడకీ ఆ అక్షరాలు అందేవి కావు. "మందుసీసా మీద ఇంగ్లీషు కదలకుండా ఉంటదమ్మా, చదువుతాను. ఇది పరిగెడతా ఉంది, దీంతో నేనెక్కడ పరిగెట్టనూ," అనేవారు. అంచేత మొహాలు చూసి, నోళ్ళు చూసి కథ అల్లేవారు. తెలుగు, హిందీ కలిపి వాయించేసేవారు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆ రోజు వార్డులో ఎక్కువ బాధపడుతున్న పిల్ల ఎవరో చూసి, సినిమాలో పిల్లకి ఆ పేరే పెట్టేవారు. మంచుదేశంలో బడిగంటని చక్రాల్లేని జారుడు బండి మీద పెట్టుకుని పక్క ఊరికి లాక్కెళ్ళే పిల్ల ఒకరోజు నవ్య అయ్యేది, ఇంకోరోజు రెబెకా. గాడిదకి ఈత నేర్పే కుర్రాడు ఎంతమంది పేర్లు మోశాడో ఆ గాడిదకే తెలియాలి.

2006 ఫిబ్రవరిలో మా అమూల్యకి ఆటలమ్మ పోసింది. దానికప్పుడు ఆరేళ్ళు. భన్‌పురిలో అద్దెకి ఉండేవాళ్ళం. మావారు మోహనకృష్ణకి రైల్వేలో ఫిట్టరు పని. మా అత్తగారు రమణమ్మ శ్రీకాకుళం మనిషి. "అమ్మవారొచ్చింది, మందులూ మాకులూ పెడితే ఆయమ్మకి కోపం," అని వేపాకులు పరిచి పడుకోబెట్టారు. బి.ఏ. చదివిన నేను నోరు మూసుకుని మూడు రోజులు ఊరుకున్నాను. నాలుగో రోజుకి పిల్ల ఎగరొప్పుతోంది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగిందని ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో పెట్టారు.

నాకప్పుడు ఆరో నెల, కడుపులో మా వీరేంద్ర. చిన్నప్పుడు నాకు ఆటలమ్మ పోయలేదు. లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదన్నారు డాక్టరు. మావారు రాత్రి డ్యూటీ చేసి వచ్చి కుర్చీలోనే తూలిపోయేవారు. పిల్లకి స్నానం, తిండి, మందు, నిద్ర, అన్నీ దీనమ్మగారి చేతుల్లోకి వెళ్ళిపోయాయి.

నాకు మిగిలింది అద్దం. ఆ గది ఒకప్పుడు ఆపరేషన్ గదిట. నడవాలోకి మందపాటి అద్దం ఉంది. అరిచినా అవతలికి వినపడదు. రోజూ స్టీలు క్యారేజీలో పప్పన్నం పట్టుకుని, సిల్తారా ఫ్యాక్టరీల లారీల మధ్య టెంపోలో కుదుపుకుంటూ వచ్చేదాన్ని. దుమ్ముకి నా చీర అంచు నల్లగా అయిపోయేది. అన్నం లోపలికి పంపి అద్దం దగ్గర నిలబడేదాన్ని. నా పిల్ల నన్ను చూసి చెయ్యి ఊపేది. కాసేపటికి, దీనమ్మగారు వార్డులోంచి తోయించుకొచ్చిన టీవీ వైపు తిరిగేది. నేను తెచ్చిన ముద్ద నోట్లో పెట్టించుకుంటూ, ఆవిడ మొహంలోకి చూస్తూ, ఆవిడ చెప్పే కథ వింటూ ఉండేది. వండింది నేను, తినిపించింది ఆవిడ. కడుపు మండిపోయేది నాకు.

తొమ్మిదో రోజు వెళ్ళేసరికి అమూల్య ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పకపకా నవ్వుతోంది. నేను వచ్చి నిలబడ్డా చూడలేదు. అద్దం మీద వేలితో కొట్టాను, చూడలేదు. ఇంక ఆగలేకపోయాను. రెండు అరచేతులతో అద్దాన్ని బాదుతూ అరిచాను: "వదులు నా పిల్లని! గొడ్రాలివి, నీకు లేకపోతే నా పిల్లని కాజేస్తావా? నీ ఒడి తగలడ!" ఏడుపు కూడా తన్నుకొచ్చింది. అప్పుడు తిరిగి చూశారిద్దరూ. దీనమ్మగారు నా వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత వంగి పిల్ల చెవిలో ఏదో చెప్పారు. పిల్ల నన్ను చూసి నవ్వింది.

నామీద చాడీ చెప్పిందనుకున్నాను. మీ అమ్మకి పిచ్చెక్కిందని చెప్పి ఉంటుంది, లేకపోతే ఆ నవ్వేమిటి? ఇన్నేళ్ళూ నా కుళ్ళు ఆ నవ్వు దగ్గరే ఆగి ఉంది.

ఇరవై రెండు రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. పొక్కులు ఎండి రాలుతున్నాయి. వచ్చిన రోజు నుంచీ పిల్లకి ఒక వింత అలవాటు. రోజుకి నాలుగైదుసార్లు వంటింటి గుమ్మంలో నిలబడి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకునేది. "ఏటే ఆ నిల్చోడం? మళ్ళీ గోకేవా? చెయ్యి తియ్యి!" అని వేపనీళ్ళతో మొహం తుడిచి పంపేసేదాన్ని. ఇదీ ఆవిడ నేర్పిన సినిమా వేషమే అనుకున్నాను. వారం పది రోజులకి మానేసింది.

మానంది ఒకటే, దీనమ్మ ఆంటీ. ఆదివారం చర్చి నుంచి ఆవిడ రాగానే ఇది వాళ్ళ క్వార్టర్సులో ఉండేది. వార్డు టీవీకి కేబుల్ కనెక్షన్ ఏదో వచ్చిందని, పాత డిస్కుల పెట్టె ఆవిడ ఇంటికి తెచ్చుకున్నారు. అన్నం దగ్గర కూర్చుంటే ఆంటీ చెప్పిన సినిమా, జడ వేస్తుంటే ఆంటీ చెప్పిన సినిమా. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని దానికి గుర్తుండేదో లేదో! తెలుగు అక్షరాలు దిద్దించింది ఎవరు? నేను. హిందీ బడిలో చదివే పిల్లకి గుణింతాలు నూరిపోసింది ఎవరు? నేను. కథ చెప్పమంటే మాత్రం పరుగు అక్కడికి.

నేనూ ఊరుకోలేదు. మావారి ప్రాణం తీసి డిస్కులు ఆడించే డబ్బా కొనిపించాను. దానికి ఎనిమిదేళ్ళప్పుడు, దీనమ్మగారిని అడిగి ఒక డిస్కు తెచ్చాను. అమూల్యకి ప్రాణమైన సినిమా అది. ఒక కొండ ఊరు, ఇళ్ళకి నంబర్లుండవు. నాన్న యుద్ధానికి వెళ్ళాడు. ఆయన రాసే ఉత్తరం దారి తప్పకూడదని చిన్నపిల్ల సున్నం డబ్బా పట్టుకుని ఇంటింటికీ నంబరు వేస్తుంది. ఆఖర్న ఉత్తరం ఎందుకు, నాన్నే ఆ నంబర్లు చూసుకుంటూ వచ్చేస్తాడు. దీనమ్మగారు చెప్పిన కథ ఇది.

నేను శబ్దం పెట్టాను. అక్షరాలు చదివి ఒక్కొక్క మాటా సరిగ్గా తెలుగులో చెప్పాను. అందులో ఆఖర్న వచ్చే మనిషి నాన్న కాదు. సర్కారు కాగితం పట్టుకొచ్చిన సిపాయి. నాన్న ఇక రాడని ఆ కాగితం. "చూశావా? మీ ఆంటీ ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పింది," అన్నాను. గెలిచాననే అనుకున్నాను, సిగ్గులేకుండా.

అమూల్య లేచి డబ్బా మీట నొక్కి డిస్కు బయటికి తీసింది. గౌనుతో తుడిచి కవర్లో పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. "ఆంటీది ఝూట్ కాదు. ఈ డిస్కే గలత్ ఉంది," అంది. మళ్ళీ ఎప్పుడూ నా పక్కన కూర్చుని సినిమా చూడలేదు. టీవీలో పాటలొస్తున్నా లేచి వెళ్ళిపోయేది.

ఇప్పుడది హైదరాబాద్‌లో ఉంది. విదేశీ సినిమాలకి తెలుగులో కింద అక్షరాలు రాయడమే దాని ఉద్యోగం. చూశారా చోద్యం! అక్షరాలు నేర్పింది నేను, తెర మీద పరిగెత్తే అక్షరాలు ఒక్కటి కూడా అందుకోలేని ఆవిడ దానికి గురువు. ఎవరడిగినా "దీనమ్మ ఆంటీ వల్లే" అంటుంది.

సావనీరుకి రాయడానికి కూర్చున్నప్పుడు, ఏమైనా పనికొస్తుందేమోనని అమూల్య ఒక లింకు పంపింది. ఏదో తెలుగు వెబ్ పత్రికలో అది రాసిన వ్యాసం. బాల్యం మీద ప్రపంచ సినిమాల్లో తనకిష్టమైనవి పది. ముందు పదోది, తర్వాత తొమ్మిదోది, అలా పైకి వెళ్ళింది. బడిగంట పిల్ల ఆరోది. గాడిద నాలుగోది. ఇంటినంబర్ల పిల్ల రెండోది, దాని పక్కన రాసింది: "దీనికి రెండు ముగింపులు ఉన్నాయి. రెండూ నిజమే." అది చదివి మూతి తిప్పుకున్నాను. రెండూ ఎలా నిజమవుతాయి? ఇక ఒకటోది కూడా ఆవిడ పెట్టెలోదే అయి ఉంటుందని పళ్ళు నూరుకుంటూ కిందికి జరిపాను. అది రాసింది రాసినట్టే ఇక్కడ పెడుతున్నాను:

"మొదటి స్థానం పేరు లేని సినిమాకి. దర్శకుడెవరో తెలియదు, శబ్దం లేదు. ఆరేళ్ళప్పుడు మంచం మీద పడుకుని చూశాను. అందులో ఒక్కతే నటి. అద్దం అవతల నిలబడి ఉంటుంది. కడుపుతో ఉంది. చేతిలో స్టీలు క్యారేజీ. చీర అంచు నల్లగా ఉంటుంది. రోజూ వస్తుంది, రోజూ అంతే సేపు నిలబడుతుంది. టీవీ కట్టేసినప్పుడు మా నర్సు ఆంటీ నాకు ఈ సినిమా చెప్పేది. 'చూడు, రెండు టెంపోలు మారి వచ్చింది. చూడు, కాళ్ళు నొప్పెట్టి బరువు మార్చుకుంటోంది, కానీ కూర్చోదు, కూర్చుంటే నువ్వు కనపడవు కదా.' ఒకరోజు ఆ నటి ఏడుస్తూ అద్దాన్ని రెండు చేతులతో బాదింది. ఆంటీ నా చెవిలో చెప్పింది: 'అమ్మ ఏమంటోందో తెలుసా? నీ ఒంటిమీద ఎన్ని పొక్కులున్నాయో అన్ని ముద్దులు దాచి ఉంచాను, బేగి ఇంటికి రా అంటోంది.' ఇన్ని సినిమాలకి మాటలు రాశాను, అంత మంచి మాట నా చేతికి ఎప్పుడూ రాలేదు. ఆ సినిమా ముగింపు మాత్రం నేను చూడలేదు. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు మొహం ఎత్తి నిలబడ్డాను. తర్వాత పెద్దదాన్నయ్యాను."

ఫోను బోర్లా పెట్టేసి వంటింటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు నిలబడిందది అక్కడ! నేను వేపనీళ్ళు పెట్టి తుడిచాను. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయి గ్యాసు వాసన వచ్చేదాకా అలాగే ఉన్నాను.

మర్నాడే దీనమ్మగారింటికి వెళ్ళాను. రిటైరయ్యాక బీర్‌గావ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. దేవదాసుగారు తలుపు తీసి, "అరె, సాయిలక్ష్మమ్మే! ఆయియే, ఆయియే," అని టీ పెట్టడానికి లోపలికి పోయారు. దీనమ్మగారు బియ్యం ఏరుతున్నారు. డెబ్బై ఏళ్ళు దగ్గరపడ్డాయి, గడియారం ఇంకా కుడిచేతికే ఉంది.

"ఏంటమ్మా, ఇన్నాళ్ళకి మా మీద దయ కలిగింది?"

కుశలప్రశ్నలు నాకు చేతకావు. "ఆ రోజు అద్దం అవతల నేనేటన్నానో మీకు తెలిసిందా, దీనమ్మగారూ?" అనేశాను.

ఆవిడ బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టారు. "తెలియకేం? గొడ్రాలివి అన్నావు. ఆ మాట నా మొహాన చాలామంది అన్నారమ్మా. దానికి నోరు ఎలా తిరుగుతుందో నాకు తెలుసు, శబ్దం అక్కర్లేదు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మరి పిల్లకి అలా ఎందుకు చెప్పారు?"

"ఇంకెలా చెప్పను? మొహం చూసి చెప్పడమే కదా నాకు వచ్చింది. ఆ కడుపేసుకుని నువ్వు అంత దూరం నుంచి నన్ను తిట్టడానికా వచ్చింది? నీ నోరు ఒకటి చెప్తోంది, నీ మొహం ఇంకోటి చెప్తోంది. పాపకి మొహంలో ఉన్నదే చెప్పాను. ఝూట్ ఏమీ ఆడలేదు." మళ్ళీ చేట వైపు వంగి, మామూలుగా అడిగారు: "ఇంటికెళ్ళాక ముద్దులు పెట్టావు కదా?"

దేవదాసుగారు టీ తెచ్చి, మా ఇద్దరి వైపూ చూసి, గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళిపోయారు. "తప్పయిపోయింది దీనమ్మగారూ," అన్నాను చివరికి. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో ఆవిడకి కనపడే ఉంటుంది.

"అబ్బా!" అన్నారావిడ మొహం చిట్లించి, సూది దిగినప్పుడు అన్నట్టే. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

టెంపోలో తిరిగి వస్తుంటే నా అసలు బుద్ధి మళ్ళీ లేచింది. పద్దెనిమిదేళ్ళుగా నా కూతురు ప్రపంచంలోకెల్లా మంచి మాట అనుకుంటున్నది ఎవరి మాట? ఆవిడ మాట. అద్దం అవతల నిలబడి కాళ్ళు పీకించుకుంది నేను, ముద్దుల మాట పుట్టించింది ఆవిడ. ఆఖరికి నా ప్రేమ కూడా ఆవిడ నోట్లోంచే నా పిల్లకి చేరాలా? మీరేమైనా అనుకోండి, నాకు ఒళ్ళు మండింది.

దీనమ్మగారికి సంఘంలో సన్మానం పెట్టారు. దానికోసం అమూల్య నిన్న పొద్దున్న రైల్లో వచ్చింది. నేనే స్టేషన్‌కి వెళ్ళాను. బ్యాగు భుజాన వేసుకుని దిగి, "క్యా హువా అమ్మా, నువ్వొచ్చావేంటి? ఆటోలో వచ్చేదాన్ని కదా," అంది. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించింది. "చదివావా?"

"చదివాను. నేను ఆ రోజు ఆ మాట అనలేదు," అన్నాను. "ఆవిణ్ణి తిట్టేను. గొడ్రాలివని తిట్టేను. నీ ఆంటీ నన్ను కాపాడింది."

మా పక్కనుంచి టీ అమ్మేవాడు వెళ్ళాడు, సామాన్ల బండి వెళ్ళింది. "తిట్టావని నాకెప్పుడో అర్థమైంది," అంది అమూల్య నెమ్మదిగా. "మూగ బొమ్మలు చూసి మాటలు రాయడమే కదా నా పని. ఆ నోరు తలుచుకుంటే తెలిసిపోయింది. ఆ మాట నిజం కావాలని మాత్రం ఉండేది."

ఆటలమ్మ మచ్చలు దాని మొహం మీద మూడే మిగిలాయి. నుదుటి మీద ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి, గడ్డం దగ్గర ఒకటి. దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నాకు అలవాటు లేని పని. నుదుటి మీద పెట్టాను. "అమ్మా, జనం చూస్తున్నారు," అంది. చెంప మీద పెట్టాను. అప్పుడది బ్యాగు కింద పడేసి, మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని నిలబడింది. మూడోది కూడా పెట్టి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాను.

దీనమ్మగారు కూడా స్టేషన్‌కి వస్తానని ముందురోజు ఫోన్ చేశారు. నేనే వద్దన్నాను.